గస్తీవాడు ఎగరడు

ఫిబ్రవరి 9

అన్నయ్య ఇవాళ కూడా కూర బాగుందన్నాడు. వదిన అందులో ఉప్పు వెయ్యడమే మరిచిపోయింది. నేనూ తిన్నాను కాబట్టి చెబుతున్నా, చప్పిడి. చిటికెడు ఉప్పు తగ్గితే కంచం ముందు కూర్చుని ఉపన్యాసం ఇచ్చే మనిషి, నాలుగు ముద్దలు తిని "బాగుంది" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదిన వంటింట్లోకి వెళ్ళి రుచి చూసుకుని, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఇదే మాట. కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడుస్తున్నాడు, మాట ముద్దగా వస్తోంది. అవన్నీ ఒక ఎత్తు, ఈ "బాగుంది" ఒక ఎత్తు. ఫిజియో అమ్మాయి వచ్చి రబ్బరు బంతి చేతిలో పెడితే బాగుంది. ఆ బంతి జారి మంచం కిందికి దొర్లిపోతే అదీ బాగుంది. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు, ఏం కదిలినా ఈ కొన్ని నెలల్లోనే కదలాలని, మనిషి తనంతట తాను పూనుకోకపోతే తర్వాత మేమెంత మొత్తుకున్నా లాభం లేదని.

నాకేం పరవాలేదు. దుకాణాల బోర్డులు రాసే పని బాగానే ఉంది.

ఫిబ్రవరి 13

షాపు బోర్డు రాయించుకోడానికి వచ్చిన మందుల దుకాణం ఆయన నన్ను గుర్తుపట్టాడు. 'గస్తీవాడు' బొమ్మల పుస్తకాలు వేసేది మీరేగా అన్నాడు. వేసేది మా అన్నయ్యండీ, ఆయన పెన్సిల్‌తో గీస్తే చెల్లెలిని నేను పైన సిరా వేస్తాను అని చెప్పాను. కథ, మాటలు, బొమ్మలు అన్నీ అన్నయ్యవే. నలుపు మాత్రం నాది.

సినిమా వస్తోందటగా, ఇక మీకేంటండీ అన్నాడు. నవ్వాను. కొత్త పుస్తకం ఎప్పుడన్నాడు. త్వరలో అన్నాను. ఆయన బోర్డులో ఒక అక్షరం వంకర పోతే మళ్ళీ తెల్లరంగు పూసి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఫిబ్రవరి 20

ఇవాళ ఒక కుతంత్రం పన్నాను. నేనే గస్తీవాడి బొమ్మ గీశాను. కావాలనే చెత్తగా గీశాను. ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి, కోటు గోనెసంచిలా, మెడ అసలు లేనేలేదు. అన్నయ్య మామూలుగా ఉన్న రోజుల్లో అయితే ఆ కాగితం చూడగానే నా వంశం ఎత్తి తిట్టి, అది తన వంశం కూడా అని గుర్తొచ్చి ఆగేవాడు.

పక్కన కూర్చుని చూపించాను. చాలాసేపు చూశాడు. నాలో ఆశ లేచింది. "బాగుందే," అన్నాడు.

మెట్లమీదికి వెళ్ళి ఏడ్చాను. వదిన వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడకి నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఇంత ఇంటిని మోస్తూ నా ఏడుపుకి కూడా టైము కేటాయిస్తోంది.

మార్చి 11

సినిమా తీసినాయన వచ్చాడు. పెద్ద దర్శకుడంటే ఎలా ఉంటాడో అనుకున్నాం, చెప్పులు గుమ్మం బయటే వరసగా విడిచి, పిలిచేదాకా లోపలికి రాలేదు. కుర్చీ చివర కూర్చున్నాడు. చిన్నప్పుడు గస్తీవాడి పుస్తకాలన్నీ దాచుకున్నాడట, ఇల్లు మారినప్పుడు పోతే మళ్ళీ వెతికి కొన్నాడట. ముందుగా అన్నయ్యకి చూపించకుండా ఎవరికీ చూపించనని చెప్పి, ఫోనులో సినిమా ముక్క ఒకటి చూపించాడు.

అన్నయ్య బాగుందన్నాడు. దర్శకుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్నయ్య ఎడమచెయ్యి పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాడు. నేనూ వదినా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈ ఇంట్లో ఫినాయిల్ కూడా బాగుందే అని ఆయనకి ఎలా చెప్పను?

ఆ ముక్కలో ఒకచోట గస్తీవాడు మేడమీంచి గాల్లోకి లేచినట్టు అనిపించింది. దూకాడేమోలే.

మార్చి 13

పేపర్లో వేశారు. బొమ్మలు సృష్టించిన పెద్దాయనకి సినిమా ఎంతో నచ్చిందని.

మార్చి 27

వచ్చే వారం మా కోసం పొద్దున్నే ప్రత్యేకంగా ఆట వేస్తారట. ఫిజియో అమ్మాయి తీసుకెళ్ళమంది. తన బొమ్మని అంత పెద్దగా చూస్తే మనసు కదులుతుందేమో అంది. డాక్టరు కూడా అడ్డు చెప్పలేదు. వదిన అప్పుడే చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించింది.

నేనేం ఆశ పెట్టుకోవడం లేదు. ఎందుకైనా మంచిదని బ్రష్షులు కడిగి ఆరబెట్టాను, అంతే. సీసాలో సిరా గడ్డకట్టిందేమోనని చూశాను. గట్టిపడలేదు.

ఏప్రిల్ 3

ముందు నుంచీ రాస్తాను, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

హాల్లో చక్రాల కుర్చీ పట్టే చోటు పక్క వరస చివర ఉంది. అన్నయ్యని అక్కడ పెట్టి, ఇటు నేను, వెనక వదిన. ముందు వరసలో దర్శకుడు, ఆయన మనుషులు. దీపాలు ఆరాయి. పేర్లు పడ్డాయి. అన్నయ్య పేరు వచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, దాని కిందే చిన్నగా నా పేరు కూడా ఉంది. నాకది చాలనిపించింది.

తర్వాత గస్తీవాడు ఎగిరాడు.

మొదటి సీనులోనే. మేడమీంచి మేడమీదికి, మబ్బుల్లోంచి, రైలు పైనుంచి. మా గస్తీవాడు నడిచేవాడు, తప్పకపోతే పరిగెత్తేవాడు. ఎక్కడో గోడవతల ఎవరైనా భయపడితే ఆ భయం వాడికి వినిపిస్తుంది, అదొక్కటే వాడి శక్తి. ఆ ఇల్లు వెతుక్కుంటూ పాతకోటు వేసుకుని, ఆయాసపడుతూ, ఎప్పుడూ కాస్త ఆలస్యంగా వస్తాడు. తెరమీద వీడికి ఆయాసమే లేదు. జుట్టు కూడా చెదరలేదు. విలన్ మాట్లాడుతూనే ఉన్నాడు, ఎవరైనా వచ్చి ఆపితే బాగుండుననిపించేంత సేపు మాట్లాడాడు.

అయినా నేను మంచినే వెతుక్కుంటూ చూశాను. వానలో వీధి బాగా తీశారు అనుకున్నాను. కోటు రంగు కుదిరింది అనుకున్నాను. అప్పుడు కుడిచెయ్యి కథ మొదలైంది.

గస్తీవాడి కుడిచెయ్యి ఎప్పుడూ కోటు జేబులోనే ఉంటుంది. తలుపు తీసినా, గొళ్ళెం విరిచినా, పిల్లని ఎత్తుకున్నా అన్నీ ఎడమచేత్తోనే. ఎందుకని ఎందరో ఉత్తరాలు రాసి అడిగేవాళ్ళు, అన్నయ్య ఎవరికీ చెప్పలేదు. సినిమా వాళ్ళు చెప్పారు. ఆకాశంలోంచి ఒక ఉల్క రాలిందట. అది వాడి అరచేతిలో దూరిందట. వాడి తల్లి చనిపోతూ, ఆ చెయ్యి బయటికి తీస్తే లోకం కాలిపోతుంది నాయనా అని ఒట్టు వేయించుకుందట. దానికి వయొలిన్లు. ఒకదాని వెనక ఒకటి, వయొలిన్లు.

అసలు సంగతి అన్నయ్యకీ నాకూ తెలుసు. చెయ్యి గీయాలంటే ఎదురుగా చూసుకోడానికి ఒక చెయ్యి కావాలి. అన్నయ్య కుడిచేత్తో గీసేవాడు, కాబట్టి ఖాళీగా ఉండేది ఎడమచెయ్యి. దాన్ని బల్లమీద పెట్టుకుని అన్ని రకాలుగా మడిచి గీసేవాడు. అదే తిరగేసి కుడిచెయ్యి చేద్దామంటే బొటనవేలు ప్రతిసారీ తప్పు పక్కకి వచ్చేది. అద్దం పెడితే విసుగు. నా చెయ్యి ఇస్తే, ఈ చేత్తో వీడు దొంగని పట్టుకుంటాడా, గోరింటాకు పెట్టించుకుంటాడా అని గొడవ. చివరికి విసిగిపోయి ఆ కుడిచేతిని జేబులోకి తోసేశాడు. అదీ ఉల్క కథ.

నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని అన్నయ్యవైపు చూశాను. ఆయన భుజాలు అదురుతున్నాయి. మళ్ళీ పక్షవాతం వచ్చిందేమోనని నా ప్రాణం పోయినంత పనైంది. వదిన వెనకనుంచి లేచింది. అన్నయ్య మొహం ఎర్రబడి ఉంది, మాట కూడదీసుకుంటున్నాడు. తెరమీద తల్లి సరిగ్గా అప్పుడే కన్నుమూసింది, వయొలిన్లు ఆగాయి, హాలంతా నిశ్శబ్దం.

"బాగోలేదు," అన్నాడు అన్నయ్య.

ముందు వరసలో దర్శకుడు వెనక్కి తిరిగాడు. వదిన కంగారుగా, ఆయనకి ఇంకా మాట తిన్నగా రావడం లేదండీ అని సర్దబోయింది. తిన్నగానే వచ్చింది. ఇంత తిన్నగా వచ్చి ఎన్నాళ్ళయిందో. "అస్సలు బాగోలేదు," అన్నాడు మళ్ళీ, ఈసారి ఇంకొంచెం గట్టిగా. విశ్రాంతి బోర్డు పడగానే కుర్చీ తోయమని నాకు చెయ్యూపాడు.

దర్శకుడు పాపం తలుపు దాకా వచ్చి సాగనంపాడు. ఆయన మొహం చూసి జాలిపడాల్సింది. నేను మాత్రం ఆయన్ని ముద్దు పెట్టుకోనందుకు నన్ను నేను మెచ్చుకోవాలి.

ఏప్రిల్ 4

పొద్దున్న కాఫీ ఇస్తే చల్లారిపోయిందన్నాడు. వదిన పరుగెత్తుకుంటూ వెళ్ళి వేడి చేసి తెచ్చింది. వేడెక్కువైందన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

తర్వాత నన్ను పిలిచాడు. ఒక్కో మాటే తవ్వి తీసినట్టు, మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టి ఇలా అన్నాడు. "ఎగిరితే... ఆలస్యం ఎలా అవుతుందే? ఆలస్యం కాకపోతే... ఇక పేజీ ఎందుకు తిప్పుతారే?" ఆస్పత్రి నుంచి వచ్చాక ఇంత పెద్ద మాట ఇదే. అవును కదన్నయ్యా అన్నాను. అవును కదా అంటే సరిపోదు, ఆ సినిమా తీసినవాడికి చెప్పాలి అన్నాడు.

ఏప్రిల్ 5

పెన్సిల్ అడిగాడు.

ఏప్రిల్ 6

ఎడమచేత్తో గీస్తున్నాడు. తలుపు గీస్తే బీరువా పడిపోతున్నట్టుంది. గస్తీవాడి బూటు గీస్తే బంగాళాదుంప. నేను పక్కనే కూర్చున్నాను. బాగుంది అందామనుకుని, ఆ మాట ఈ ఇంట్లో ఎంత పాడైపోయిందో గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఏప్రిల్ 8

ఇవాళ గీయలేదు.

ఏప్రిల్ 9

ఇవాళ కూడా లేదు. పెన్సిల్ విసిరికొట్టాడు. ఫిజియో అమ్మాయి వచ్చాక దిగులుగా చెప్పాను. ఏ చేత్తో విసిరారు, ఎంతదూరం పోయింది అని అడిగింది. వరండా దాకా పోయిందన్నాను. రేపు ఇంకా బరువైనది ఇవ్వండి అంది. ఈ పిల్ల రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. దీని మొహం చూస్తే చాలు, నాకు కాస్త ధైర్యం వస్తుంది.

ఏప్రిల్ 10

నాకు పరవాలేదని ఇన్నాళ్ళూ ఇందులో రాస్తూ వచ్చాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాయాలా? పరవా ఉంది. అన్నయ్య చెయ్యి బాగుపడాలని కోరుకుంటున్నాను, నిజమే. కానీ పొద్దున లేచేసరికి బల్లమీద పెన్సిల్ గీతలున్న కాగితం ఒకటి నాకోసం ఎదురుచూస్తుండాలని కూడా కోరుకుంటున్నాను. బోర్డులు రాయడం నాకు ఇష్టం లేదు. అసలు ఇష్టం లేదు.

ఏప్రిల్ 12

కాగితం జరిగిపోతోందని ఫిజియో అమ్మాయి అన్నయ్య కుడిచేతిని ఎత్తి బల్లమీద, కాగితం అంచు మీద పెట్టింది. బరువుకి. ఎలాగూ ఖాళీగానే ఉంది కదండీ, ఈ పనైనా చెయ్యనివ్వండి అంది.

అన్నయ్య పెన్సిల్ పట్టుకుని ఆ చేతివైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి నాకు భయం వేసింది, మళ్ళీ గోడవైపు తిరుగుతాడేమోనని. అప్పుడు గీయడం మొదలుపెట్టాడు. వేళ్ళు కొంచెం ముడుచుకుని, మణికట్టు వాలి, ఉన్నది ఉన్నట్టు. వణుకుతూ, ఆగుతూ, నాలుక బయటపెట్టి. మేం ముగ్గురం ఊపిరి కూడా మెల్లగా తీశాం.

గీసి నావైపు తోశాడు. కుడిచెయ్యి. బొటనవేలు సరైన పక్కనే ఉంది.

"దీనికి ఇన్నాళ్ళూ... బొమ్మకి కూర్చునే తీరిక లేదే," అన్నాడు.

వదిన లేచి వచ్చి ఆ పడిపోయిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కదపకు, ఇంకా అవలేదు అని ఆవిణ్ణి కసిరాడు. మేం అందరం ఏడుస్తూ నవ్వాం, ఫిజియో అమ్మాయి కూడా. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక నేను వెళ్ళి బల్లకి పెట్టాను.

ఏప్రిల్ 19

పేజీ ఒకటి పూర్తయింది. ఆరు గళ్ళు. గస్తీవాడు వీధి చివరినుంచి పరిగెత్తుకొస్తాడు, చివరి గడిలో తలుపు ముందు ఆగుతాడు. ఎడమచేత్తో గోడ పట్టుకుని రొప్పుతుంటాడు. కుడిచేత్తో తలుపు తడతాడు.

నేను సిరా వేశాను. గీతలన్నీ వణుకుతున్నాయి కదా, అక్కడక్కడా సర్దాను. కోటు అంచు నిటారుగా తీశాను. తలుపు చట్రం తిన్నగా పెట్టాను. ప్రేమతోనే చేశాను.

కాగితం చూసి అన్నయ్య విరుచుకుపడ్డాడు. మాట ముద్దగా ఉన్నా తిట్లు మాత్రం ఎక్కడా తడబడలేదు. వీడెవడే, ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని పెళ్ళికి పోతున్నాడా అన్నాడు. నా గీత దిద్దడానికి నువ్వెవరివే అన్నాడు. నా చెయ్యి వణికితే వాడూ వణుకుతాడు, పరిగెత్తుకొచ్చిన మనిషి వణకడా అన్నాడు. మళ్ళీ వెయ్యి అన్నాడు.

మళ్ళీ వేస్తున్నాను. వణుకుతున్న గీతని చెయ్యి వణక్కుండా వెయ్యడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. కొంచెం తొందరపడితే బ్రష్షు తన అలవాటు కొద్దీ తిన్నగా పోతుంది. ప్రతి వంకర దగ్గరా ఆగి, అక్కడ అన్నయ్య కూడా ఆగాడని తలుచుకుని, ఆ తర్వాతే కదపాలి. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తూ ఆయన గీతని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒక గడికే పొద్దంతా పట్టింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఏప్రిల్ 23

సినిమా విడుదలైంది, ఆడలేదు. బోర్డుల షాపులో అందరికీ అదే కాలక్షేపం. ఉల్క మీద జోకులు, తల్లి చావు మీద జోకులు, మా యజమాని గాల్లో వయొలిన్ వాయించినట్టు చేసి చూపించాడు. నేను బ్రష్షు కింద పెట్టి, ఆ సినిమాని ఇంకొక్క మాటంటే ఊరుకోను అన్నాను. అందరూ బిత్తరపోయారు. ఏం, మీకు నచ్చిందా అన్నాడు యజమాని. ఛీ, నాకెందుకు నచ్చుతుంది అన్నాను. దాంతో వాళ్ళకి నేను పూర్తిగా అర్థంకాకుండా పోయాను.

మే 2

దర్శకుడు వచ్చాడు. మనిషి సగమైపోయాడు. ఈసారి కుర్చీలో కూడా కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. క్షమించమని అడగడానికి వచ్చానన్నాడు. గస్తీవాడు ఎగరడని తనకి తెలుసట. ఎగరకపోతే జనం రారని పైవాళ్ళు అంటే ఒకసారి తలూపాడట, ఆ తర్వాత ప్రతిదానికీ తలూపడమే అయిందట. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తాగొచ్చి అరుస్తుంటే, గస్తీవాడికి వినిపించే ఉంటుంది, దారిలో ఉన్నాడు, వస్తున్నాడు అనుకుంటూ నిద్రపోయేవాడట. అలాంటివాణ్ణి నేనే పాడుచేశాను అన్నాడు.

వసారాలో చేతికర్రతో నడక అయ్యాక అన్నయ్య లోపలికి వచ్చాడు. ఆయన్ని చూడగానే కూర్చోవయ్యా అన్నాడు. కూర్చోబెట్టి మొదటి సీను నుంచీ విశ్రాంతి దాకా, గుర్తున్నది గుర్తున్నట్టు ఉతికి ఆరేశాడు. మధ్యలో మాట దొరక్కపోతే ఎడమచేత్తో గీసి మరీ తిట్టాడు. దర్శకుడు ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తలుపు తడుతున్న గడి చూపించినప్పుడు మాత్రం దాన్ని దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. రెండో సగం నేను చూడలేదు, అదీ ఇలాగే ఉందా అన్నాడు అన్నయ్య. ఇంకా ఘోరంగా ఉందండీ అన్నాడాయన. అన్నయ్య ఎంత తృప్తిగా నవ్వాడో.

గేటు దాకా నేను వెళ్ళాను. చెప్పకుండా పంపిస్తే నాకే పాపం చుట్టుకుంటుందనిపించింది. మా ఇంట్లో బాగుంది అనే మాట ఎలా ఉండేదో అంతా చెప్పాను. ఆ రోజు ఫోనులో చూసి అన్న మాట కూడా. ఆయన మొహం పాలిపోయింది.

"మరి నేను బాగా తీసుంటే?" అన్నాడు.

"బాగుందని పడుకునేవాడండీ," అన్నాను. "మళ్ళీ లేచేవాడు కాదు."

గేటు పట్టుకుని నిలబడిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు, ఆయనకీ తెలిసినట్టు లేదు. మీ సినిమా మా అన్నయ్యని మాకు తిరిగి ఇచ్చింది, మీరు ఎక్కడున్నా చల్లగా ఉండాలి అన్నాను. నాకన్నా చిన్నవాడే కాబట్టి తలమీద చెయ్యి కూడా పెట్టాను.

మే 9

బోర్డుల షాపుకి రానని చెప్పేశాను. మూడు పేజీలు బల్లమీద ఉన్నాయి, నాలుగోది అన్నయ్య చేతిలో ఉంది. రెండోదాంట్లో నల్లటి నీడ ఎక్కువైందని అప్పుడే ఇల్లెగిరిపోయేలా కేకలు వేస్తున్నాడు. నీడ అంతే ఉండాలి, ఈసారి నేను తగ్గను. ఇక ఇందులో రాయడానికి తీరికుండదు. వస్తున్నానన్నయ్యా.